అర మార్కు

నా పని తప్పులు పట్టడం.
చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు,
పళ్ళ డాక్టరు దగ్గరుండేలాంటి చిన్న అద్దం.
ఆగస్టు శనివారం, పోంటియాక్ ఊళ్ళో
మూతబడ్డ సూపర్ మార్కెట్ ముందు
తారు మెత్తబడి బూట్లని వదలనంటోంది.

వరసగా నిలబడ్డాయి
యాభై ఏళ్ళ కిందటి కండలు.
నీలం షెవెల్ యజమానులిద్దరూ బావాబావమరుదులు,
పక్కనున్న ఛార్జర్ మీద చాడీలు చెబుతున్నారు.
"రోడ్ రన్నర్ హారన్ విన్నాక
ఇంకో కారు కొన్నవాడు చెవిటివాడు" అంటాడొకడు
ఉల్లిపాయ నములుతూ.
గాలనుకి పది మైళ్ళు.
ఆ లెక్క మాత్రం ఎవరూ ఎత్తరు,
పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు తాగుడు సంగతి ఎత్తనట్టు.

పదిహేడో నంబరు.
నారింజ రంగు జీటీవో, అరవై తొమ్మిదో సంవత్సరం.
దాని ఒంటి మీద 'ది జడ్జ్' అని రాసుంది.
నా చొక్కా మీదా అదే మాట.
ఒకళ్ళనొకళ్ళం కాసేపు చూసుకున్నాం.

యజమాని డ్వైట్ హ్రుస్కా
సాగినాలో కుళాయిలు బాగుచేసేవాడు.
పదకొండేళ్ళు పట్టిందట.
ప్రతి బోల్టూ విప్పాడు, ప్రతి బోల్టూ తోమాడు,
ఇసక కొట్టి ఇనుము దాకా గీకి
మళ్ళీ పూశాడు.
ఆఖరికి, అప్పట్లో ఫ్యాక్టరీలో
ఇంజను వెనక గోడ మీద ఎవరో గీసే
పసుపు సుద్దగీతని కూడా
పాత ఫొటో చూసి దించాడు.
నా దగ్గరున్న ఫొటోతో పోల్చాను.
వెంట్రుకవాసి తేడా లేదు.

పూర్తి మార్కులు వెయ్యబోతుంటే
ఒడెస్సా టిబ్స్ వచ్చింది,
మడత కుర్చీ చంకన పెట్టుకుని.
ఎనభై దాటిన మనిషి. వంగి చూసి
"ఇది తప్పు" అంది.

డ్వైట్ చెవులు ఎర్రబడ్డాయి.

"లోంజో పీక్ ది ఎడం చెయ్యి.
వాడి గీత ఇటు వాలదు, అటు వాలుతుంది.
నేను డాష్‌బోర్డు బిగించేదాన్ని, నా తర్వాత వాడు.
నిమిషానికో కారు.
ఆ నిమిషంలోనే ఓ గీత గీసి, ఓ జోకేసి,
నా ఫ్లాస్కులో కాఫీ ఓ గుక్క లాగేవాడు.
మీ ఫొటోలోది పగటి షిఫ్టువాళ్ళ గీత.
ఇది రాత్రి బండి."

రుజువేమిటన్నాను. అనాలి కదా, నా పనే అది.

"రుజువంతా ఈయన తోమేశాడుగా"

అంతే. ఇంకేం చెప్పలేదు.
రోడ్డవతల, ఫ్యాక్టరీ ఉండే చోట,
కంచె, కంచె వెనక గడ్డి.

డ్వైట్ పెట్టెలోంచి పసుపు సుద్ద తీసి
ఆమెకిచ్చాడు, బల్లెం అప్పగించినట్టు.
బొటనవేలు తడి చేసుకుని
ఆమె పాత గీత తుడిచేసింది.
సుద్ద కుడిచేతిలో పట్టుకుంది,
ఆగింది,
ఎడం చేతికి మార్చుకుంది.

గీత పడింది.
వణుకు ఆమెది. వాలు అతనిది.

లోంజో ఏమయ్యాడని ఎవరమూ అడగలేదు.
డ్వైట్ తాళం తిప్పాడు.
పప్పు కుండ ఉడికినట్టు కుతకుతమంది ఇంజను.
ఒడెస్సా అరచెయ్యి రేకు మీద ఆనించి
మళ్ళీ తియ్యడం మర్చిపోయింది.

రూల్సు పుస్తకం, నలభై ఒకటో పేజీ:
గుర్తులు ఫొటోతో సరిపోవాలి.
అర మార్కు కోశాను.
డ్వైట్ ఆ కాగితం చూశాడు. గీత వంక చూశాడు.
చెరపలేదు.
ఆ అర మార్కుకే మొదటి బహుమతి షెవెల్‌కి పోయింది,
బావాబావమరుదులు తారు మీద గంతులేశారు.

ఆ రాత్రి స్నానం చేసొచ్చాక
ఆవిరి పట్టిన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.
తర్వాత, ఇంట్లో ఎవరూ చూడటం లేదు కదా అని,
ఎడం చేత్తో ఓ గీత గీశాను.

అటే వాలింది.